ఆపిన చోటి నుంచే

ఆ ఏడు ప్రభుత్వానికి ఆటలు ఆపేసినవాళ్ళ మీద ప్రేమ పుట్టింది. ఆడుతున్నవాళ్ళ మీద ఎందుకు పుట్టలేదని ఎవరూ అడగలేదు. ఆడుతున్నవాళ్ళకు బూట్లు కావాలి, బస్సు చార్జీలు కావాలి, పొద్దున్నే పాలు కావాలి. ఆపేసినవాళ్ళు ఏమీ అడగరు. కాబట్టి వాళ్ళను వెనక్కి పిలవడానికి 'మళ్ళీ బరిలోకి' అనే పథకం పెట్టారు. గోడల మీద బొమ్మలు వేయించారు. బొమ్మలో ఒక ముసలాయన చేతికర్ర పారేసి పరుగెడుతున్నాడు.

పథకానికి ముప్పై ఒక్క నిబంధనలు. తొమ్మిదోది తప్ప మిగతావి ఎవరూ చదవలేదు, చదవక్కర్లేదు కూడా. తొమ్మిదోది ఇది: "తిరిగి వచ్చు క్రీడాకారులు తాము ఏ స్థాయిలో క్రీడను ఆపిరో ఆ స్థాయి నుండియే పునఃప్రారంభించవలెను." ఎప్పుడో కబడ్డీ మానేసిన పెద్దమనిషి ఒకాయన తిరిగొస్తూనే నన్ను కోచ్‌ని చెయ్యండని కుర్చీలో కూర్చున్నాడట. అలాంటివాళ్ళను లేపడానికి రాసిన వాక్యం. రాసినాయన ప్రమోషన్ మీద వేరే శాఖకు వెళ్ళిపోయాడు. వాక్యం ఉండిపోయింది.

ఆ వాక్యం సంగతి తెలియక లెంక సూరీడమ్మ విల్లు కొనుక్కుందామని బయలుదేరింది.

సూరీడమ్మకు నలభై ఏడేళ్ళు. కొత్తగెడ్డవలస హైస్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం వంట చేస్తుంది. పిల్లలు బాణాలు వేయడం నేర్చుకునే మైదానం వంటపాకకు ఎదురుగానే ఉంది. ఒకనాడు పప్పు దింపి, చేతులు కొంగుకు తుడుచుకుని, "ఏదీ, ఒకపాలి ఇలాగియ్యి" అని ఒక పిల్ల చేతిలోంచి విల్లు తీసుకుంది. మూడు బాణాలు వేసింది. రెండు గురిపలక నడిమి పసుపులో, ఒకటి దాని చుట్టూ ఉన్న ఎరుపులో గుచ్చుకున్నాయి. డ్రిల్లు మాస్టారి నోట్లోంచి ఈల జారిపోయింది.

"ఎక్కడ నేర్చావమ్మా?"

"తొమ్మిదో తరగతిలో ఆపీసాను బాబూ."

నెలాఖరున రాష్ట్ర మాస్టర్స్ పోటీలున్నాయని, నలభై ఐదు దాటినవాళ్ళెవరైనా వెళ్ళొచ్చని, సొంత విల్లు ఉంటే చాలని ఆయనే చెప్పాడు.

సొంత విల్లు. ఆ రెండు మాటలు సూరీడమ్మను పట్టుకున్నాయి. ఆ ఇంట్లో తనకు సొంతమైనవి ఏమిటా అని ఆ సాయంత్రం వెతుక్కుంది. పోపుల డబ్బా కూడా అత్తగారిది.

మొగుడు గవరయ్యకు ట్రాక్టర్ టైర్లకు పంక్చర్లు వేసే షాపుంది. విల్లు మాట వినగానే పకపకా నవ్వాడు. "ఒలే, ఈ వయసులో విల్లేటే? ఊరు నవ్వుతాది."

"నవ్వనీ. పళ్ళున్నోళ్ళు నవ్వుతారు" అని సూరీడమ్మ బస్సెక్కింది.

జిల్లా కేంద్రంలో బషీర్‌ది ఆటసామాన్ల దుకాణం. ఆమెను కూర్చోబెట్టి, చేయి చాపమని కొలత తీసుకున్నాడు.

"ఆపేసి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ముప్పై మూడేళ్ళు."

"అయితే బరువు విల్లు జోలికి పోకండి. మనసుకు గుర్తుంటుంది, భుజానికి ఉండదు. విప్పి బిగించుకునే చెక్క విల్లు తీసుకోండి. లాగడానికి తేలికైన ఇరవై పౌండ్ల రెక్కలతో మొదలుపెట్టి, బలం వచ్చాక రెక్కలు మార్చుకోండి. పిడి అదే ఉంటుంది. కార్బన్ బాణాలు వద్దు, అల్యూమినియంవి ఎనిమిది చాలు. ముంజేతికి తొడుగు, వేళ్ళకు తోలు ముక్క. సంచీ కొనకండి. పాత చీరతో కుట్టుకోండి."

వస్తువు కొనొద్దని చెప్పే వ్యాపారిని సూరీడమ్మ అదే మొదటిసారి చూడడం. "ఎంతవుద్ది బాబూ?"

"పదహారు వేలు. అంతకు తగ్గితే అది గోడకు తగిలించుకునే విల్లు."

ఆమె దగ్గర ఏడు వేలున్నాయి. బషీర్ కిటికీలోంచి ఎదురు గోడ చూపించాడు. "మిగతాది వీళ్ళనడగండి. ముసలాయన పరుగెడుతున్నాడు చూడండి, అదే."

*

క్రీడాభివృద్ధి కార్యాలయంలో ఆమెను చూసి అందరూ లేచి నిలబడ్డారు. పథకం పెట్టిన మూడు నెలల్లో వచ్చిన మొదటి మనిషి ఆమే. అధికారి వాయునందనరావు స్వయంగా ఎదురొచ్చి ఫొటో దిగాడు. సీనియర్ అసిస్టెంట్ కృపానిధి బీరువాలోంచి పాత రిజిస్టరు తీసి దుమ్ము దులిపాడు.

"బోని సూరీడమ్మ. తొమ్మిదో తరగతి. వయస్సు పద్నాలుగు. ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళాలు. సబ్ జూనియర్. జిల్లా ప్రథమ."

"నేనేనండి" అంది సూరీడమ్మ. పుట్టింటి పేరుతో ఆమెను ఎవరైనా పిలిచి చాలా ఏళ్ళయింది.

"మిక్కిలి సంతోషము" అన్నాడు వాయునందనరావు. "కావున తొమ్మిదవ నిబంధన ననుసరించి మీరు సబ్ జూనియర్. మాస్టర్స్ పోటీలకు అర్హులు కారు. వయస్సు చాలదు."

"నాకు నలభై ఏడండి."

"అది మీ సొంత వయస్సు. మేము మాట్లాడునది క్రీడా వయస్సు."

"ఈ తెల్ల ఎంటికలు చూడండి బాబూ."

"జుట్టు మా శాఖ పరిధిలోనిది కాదు."

సూరీడమ్మ కాసేపు ఆలోచించింది. సబ్ జూనియర్ పోటీలు కూడా నెలాఖరునే, అదే మైదానంలోనే. పోటీ ఏదైతే ఏమిటి, విల్లు విల్లే. "పోనీండి. విల్లిప్పించండి."

"నిస్సందేహముగా. అయితే కిట్ ధర కూడ ఆపిన చోటి నుండియే" అని అధికారి చెయ్యి చాచాడు. కృపానిధి మరో పేజీ తిప్పాడు. "వెదురు విల్లు, బాణాలు, సర్వం కలిపి అరవై నాలుగు రూపాయలు."

ఆమె మళ్ళీ బషీర్ దగ్గరికి వెళ్ళింది. బషీర్ నవ్వలేదు. అరవై నాలుగు రూపాయలకు తన దుకాణంలో ఏమొస్తుందో అంతా వెతికి, నారికి రాసే మైనం సగం ముక్క వస్తుందని కాగితం రాసిచ్చాడు. శాఖ ఆర్డరు వేసింది. మైనం వచ్చింది. ముగ్గురు సభ్యుల సంఘం దాన్ని పరీక్షించి, వాసన చూసి, తృప్తికరమని సంతకాలు పెట్టింది. స్టాకు రిజిస్టర్లో 'విల్లు (ఒక భాగము)' అని ఎక్కించారు.

"మిగతా భాగాలండీ?"

"ఏటా అరవై నాలుగు రూపాయల చొప్పున మంజూరవుతుంది" అని కృపానిధి కాలిక్యులేటర్ నొక్కాడు. "రెండు వందల యాభై ఏళ్ళలో పూర్తి విల్లు చేతికొస్తుందమ్మా."

"అప్పటికి నాకు ఎన్నేళ్ళుంటాయి బాబూ?"

"మీ లెక్కలోనా, మా లెక్కలోనా?"

కృపానిధి చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నిబంధనల మధ్య సందులెక్కడున్నాయో అతనికి తెలుసు. గొంతు తగ్గించి చెప్పాడు: "చదువుకుంటున్న పిల్లయితే ఈనాటి ధర ఇస్తారు. బడిలో చేరండి. హెడ్మాస్టరు సర్టిఫికెట్టు, సంరక్షకుడి సంతకం తెండి. నాన్నగారున్నారా?"

"పోయారండి."

"ఇంట్లో చదువుకున్న మగాళ్ళెవరు?"

"హేమసుందరం. సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నా కొడుకండి."

"రక్తసంబంధమే కదా, చాలు. ఎటువైపు రక్తమో ఫారం అడగదు."

*

హేమసుందరం ఫారం రెండుసార్లు చదివి, గంభీరంగా సంతకం పెట్టి, కాలర్ సర్దుకున్నాడు. "ఇదిగో అమ్మాయీ, ఇవాళ్టినుంచి సీరియళ్ళు బంద్. తొమ్మిదింటికల్లా పడుకోవాలి. మార్కులు తగ్గాయంటే ఊరుకోను."

సూరీడమ్మ గరిటె విసిరింది. గురి తప్పలేదు.

"మరి నేనేటవుతాన్రా?" అన్నాడు గవరయ్య.

"నువ్వు ఫారంలో లేవు నాన్నా."

గవరయ్య ఫారం వెనక్కి తిప్పి చూశాడు. అక్కడా లేడు.

హైస్కూలు హెడ్మాస్టరు చాలా సంతోషించాడు. బడి మానేసిన పిల్లల్ని వెనక్కి తెస్తే ఆయనకు మంచి రిపోర్టు వస్తుంది. ముప్పై మూడేళ్ళ తర్వాత తెచ్చినవాడు రాష్ట్రంలో ఎవరూ లేరు. శాఖ కాగితంలో ఉన్న పద్నాలుగేళ్ళే వేసి తొమ్మిది 'బి'లో చేర్చుకున్నాడు. వెనక బెంచీ ఇచ్చారు. సూరీడమ్మ హాజరు పలికి వంటపాకకు పరుగెత్తేది, అన్నం వార్చి లెక్కల క్లాసుకు పరుగెత్తేది, గంట కొట్టగానే వచ్చి పిల్లలకు వడ్డించి, తనూ కంచం పట్టుకుని వరసలో చివర నిలబడి, తిరిగి తనే వెళ్ళి గరిటె పట్టుకుని తన కంచంలో తనే వడ్డించుకునేది. గుడ్డు కూడా ఇచ్చుకుంది. పక్క పిల్ల "పిన్నీ, సైన్సు నోట్సియ్యవా?" అనేది. రాత వంకరైనా సూరీడమ్మ నోట్సులో తప్పుండేది కాదు.

నాలుగు రోజులు ఇలా నడిచింది. అయిదో రోజు హెడ్మాస్టరు ఏదో సర్క్యులర్ చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచాడు. బడిలో చేరిన పిల్లలచేత వంటపని చేయించరాదు. చేయించినచో హెడ్మాస్టరు సస్పెండ్. ఆయన వంటపాకకు పరుగెత్తాడు. అక్కడ తొమ్మిది 'బి' పిల్ల ఒకతె రెండు వందల పన్నెండు మందికి సాంబారు కలుపుతోంది.

"అమ్మాయీ, గరిటె కింద పెట్టు! ఎవరు చెప్పారు నీకీ పని?"

"తవరే కదండీ, పదకొండేళ్ళ కిందట."

ఆయన తన గదికి పరుగెత్తాడు. తనను తాను కాపాడుకోవడానికి ఒకటే దారి. తనకంటే ముందు ఇంకెవరూ ఫిర్యాదు చేయకుండా, తనే బాలికా రక్షణ శాఖకు ఫోను చేసి, మా బడిలో ఒక బాలిక చేత ఎవరో పని చేయిస్తున్నారని చెప్పేశాడు.

మర్నాడు సూరీడమ్మ ఇంటిముందు జీపు ఆగింది.

*

బాలికా రక్షణ అధికారిణి ఇందుమతి కొత్తగా శిక్షణ పొందివచ్చింది. పిల్లలతో మాట్లాడేటప్పుడు వాళ్ళ కళ్ళకు సమానమైన ఎత్తులో ఉండాలని శిక్షణలో చెప్పారు. సూరీడమ్మ ఆమెకంటే జానెడు పొడుగు. ఇందుమతి అటూ ఇటూ చూసి పీట తెప్పించుకుని ఎక్కింది. చాక్లెట్ ఇచ్చింది.

"భయపడకు తల్లీ. నేను నీ స్నేహితురాలిని. నీచేత పని ఎవరు చేయిస్తున్నారు?"

"ఇంటి పనాండీ, బడి పనాండీ?"

"ఇంట్లో కూడానా!" ఇందుమతి రాసుకుంది. "ఎవరు చేయిస్తారు? నాన్నా?"

"ఇంటాయనండి."

"ఇంటాయన ఎవరు?"

సూరీడమ్మ గుమ్మంవైపు గడ్డం చూపింది. గవరయ్య ట్రాక్టర్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. "నా మొగుడండి."

ఇందుమతి పీట మీదనుంచి పడబోయి నిలదొక్కుకుంది. జీపులోంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగారు. గవరయ్య చుట్టూ నిలబడ్డారు.

"పెళ్ళికొడుకు నువ్వేనా?"

"ఎప్పుడో అయ్యానండి. ఏం, మళ్ళీ ఎవరికైనా కావాలా?"

"హాస్యాలొద్దు. ఈ బాల్యవివాహాన్ని ఆపడానికొచ్చాం" అంది ఇందుమతి. "పెళ్ళి ఎప్పుడు?"

"ముప్పై మూడేళ్ళవతాదండి."

ఇందుమతి కాగితాలు చూసుకుంది. బడి రిజిస్టర్లో పద్నాలుగు. శాఖ రిజిస్టర్లో పద్నాలుగు. "అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. సమాచారం సకాలంలోనే అందింది. పెళ్ళిభోజనానికి ఎవరెవరొచ్చారో పేర్లు చెప్పు."

"సగంమంది పోయారండి."

"పారిపోయారా?"

"చచ్చిపోయారండి."

"రాసుకోండి. మిగతా సగం?"

ఇంతలో హేమసుందరం వచ్చాడు. ఇతనెవరని అడిగితే, ఫారం ప్రకారం సంరక్షకుడని తేలింది. ఇందుమతి అతనివైపు ఎంతో అసహ్యంగా చూసింది. "నీ సంరక్షణలో ఉన్న బాలికకు పెళ్ళి జరుగుతుంటే నువ్వెక్కడున్నావు?"

"నేను అప్పటికి పుట్టలేదండి."

"బాధ్యత తప్పించుకోవద్దు."

గవరయ్య చేతిలో ట్యూబులోంచి గాలి సన్నగా కారుతూనే ఉంది. కిందటేడు పక్క వీధిలో నిజంగానే పదిహేనేళ్ళ పిల్లకు పెళ్ళి చేస్తుంటే, ఆపమని ఫోను చేసినవాళ్ళకు ఇదే శాఖ వాహనం లేదంది. ఇవాళ వాహనం ఉంది. కాగితాలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి వాహనం ఉంది.

ఇందుమతి మగాళ్ళను బయటికి పంపి తలుపు వేసింది. గొంతు మార్చింది. "చదువు ఎందుకు ఆపావు తల్లీ?"

"పెళ్ళి చేసీసారండి. జిల్లాకి మొదటొచ్చిన వారానికి. మా నాయన పొలంలోంచి వచ్చి, ఎల్లుండి పెళ్ళి, రేపు బడికెల్లకు అన్నాడు."

"నీ విల్లో?"

"అత్తోరింటికి నా కూడా తెచ్చుకున్నానండి. అత్తగారు కోళ్ళగూటికి అడ్డకర్ర చేసీసింది."

ఇందుమతి రాస్తూ రాస్తూ ఆగింది. ఆ కాసేపు ఆమె శిక్షణ మరిచిపోయినట్టుంది. తర్వాత గుర్తొచ్చి, ఫారంలో చివరి ప్రశ్న చదివింది. "అమ్మాయీ, ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా?"

సూరీడమ్మ చాక్లెట్ కాగితం మడత పెట్టింది. విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. ఈ ప్రశ్న నాయన అడగలేదు. అమ్మ అడగలేదు. పురోహితుడు ఏవేవో అడిగాడు గాని ఇది అడగలేదు. గవరయ్యకైతే అడగాలనే తోచి ఉండదు. చెడ్డవాడు కాదు. కొట్టలేదు, తాగలేదు. ఆదివారం చేపలు తెస్తాడు. కాని అడగలేదు.

"ఇష్టమంటే ఏటవుద్దండి?"

"ఇష్టమన్నా ఈ వయసులో చెల్లదు. కాని వివాహిత సబ్ జూనియర్‌లో ఉండరాదు కనక నీ క్రీడా దరఖాస్తు కొట్టేస్తారు."

"లేదంటే?"

"పెళ్ళి రద్దు. నిన్ను బాలికల క్రీడా వసతిగృహానికి పంపుతాం. అక్కడ చేరిన రోజున కొలతలు కొత్తగా తీస్తారు, పదిహేడో నిబంధన. నీ చేయికి సరిపడా విల్లు, పన్నెండు బాణాలు, ఈనాటి ధరలో."

"నెలాఖరు పోటీకి అందుద్దా?"

"రేపే అందుతుంది."

"రాసుకోండి" అంది సూరీడమ్మ. "ఇష్టం లేదు."

తలుపు తీసి ఇందుమతి వాంగ్మూలం చదివి వినిపించింది. గవరయ్య మొదట నవ్వాడు. తర్వాత హేమసుందరం వైపు చూశాడు. హేమసుందరం నేల చూస్తున్నాడు. సూరీడమ్మ నాలుగు చీరలు సంచీలో పెట్టుకుని జీపు దగ్గరికి వచ్చింది. గవరయ్య దగ్గరికొచ్చి, కానిస్టేబుళ్ళకు వినబడకుండా అడిగాడు.

"ఒలే, విల్లుకోసమే కదే ఆ మాటన్నావు?"

"విల్లు ఇప్పుడొచ్చింది మావా. ఆ మాట అప్పటిది."

జీపు కదిలింది. గవరయ్య రెండడుగులు వెంట నడిచి, "మరి పాలు తోడెట్టావా?" అని అరిచాడు.

*

శాఖలన్నిటిలోనూ ఆ వారమంతా పండగలా ఉంది. ఒకే దరఖాస్తుతో ఒక క్రీడాకారిణి తిరిగి బరిలోకొచ్చింది, బడి మానేసిన పిల్ల ఒకతె చేరింది, ఒక బాలకార్మికురాలు విముక్తి పొందింది, ఒక బాల్యవివాహం ఆగింది. నాలుగు శాఖలు నాలుగు నివేదికలు పంపాయి. పై అధికారులు ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క ప్రశంసాపత్రం పంపారు. కొత్తగెడ్డవలస బడిలో వంటమనిషి లేక పిల్లలు అటుకులు నానబెట్టుకు తింటున్న సంగతి ఏ నివేదికలోకీ రాలేదు. దానికి గడి లేదు.

ఆదివారం వసతిగృహంలో బంధువులు చూడడానికి వచ్చే రోజు. గవరయ్య తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, చేపల పులుసు కేరేజీలో పెట్టుకుని వచ్చాడు. కాపలామనిషి లోపలికి రానివ్వలేదు. సంరక్షకుడు లోపలికెళ్ళొచ్చు. హేమసుందరం వెళ్ళాడు. గవరయ్య కంచె బయట నిలబడ్డాడు.

లోపల మైదానంలో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల వరసలో, వాళ్ళందరికంటే మూరెడు ఎత్తుగా, సూరీడమ్మ నిలబడి ఉంది. చేతిలో కొత్త విల్లు. ముంజేతికి తొడుగు. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది. పక్క పిల్ల భుజం సరిచేసి ఏదో చెప్పింది. ఆ పిల్ల నవ్వింది.

వాయునందనరావు ఫొటో కోసం వచ్చి కంచె పక్కగా వెళుతున్నాడు. గవరయ్య దణ్ణం పెట్టాడు.

"బాబూ, మా ఇంటిదాన్ని ఎప్పుడు పంపుతారండి?"

"ఎవరిని?"

"అదేనండి, సూరీడమ్మని."

"ఆ వివాహము రద్దయినది కదా. నాలుగేండ్లలో అమ్మాయికి పద్దెనిమిది నిండును. అప్పుడు మీరు సంబంధము మాట్లాడుకొనవచ్చును. అమ్మాయి అభిప్రాయము అడిగెదము."

గవరయ్యకు యాభై ఆరేళ్ళు. కేరేజీ ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది. "మరి ఒప్పుకుంటుందంటారా బాబూ?"

వాయునందనరావు నోరు తెరిచాడు. ముప్పై ఒక్క నిబంధనలూ మనసులో తిరగేశాడు. "దానికి నిబంధన లేదు" అన్నాడు. "అది అమ్మాయి ఇష్టము."

మాటలు మైదానంలోకి వినిపించేంత దూరమే. సూరీడమ్మ తల తిప్పలేదు. బాణం ఎక్కించి, నారిని గడ్డం దాకా లాగి పట్టుకుంది. గవరయ్య కేరేజీ కింద పెట్టి కంచె వైరు పట్టుకున్నాడు.

వదలడానికి ఆమె ఏమీ తొందరపడలేదు.